జీటీఏ 5లో రెండు మూడు గ్రాఫిక్స్ ప్రీసెట్‌లు కలిపి వాడుతున్నారా? ముందు ఈ లెక్క తెలుసుకోండి

పోయిన వేసవిలో భద్రాచలం నుంచి మా బాబాయి కొడుకు వీడియో కాల్ చేశాడు. ఫోన్‌ని ల్యాప్‌టాప్ వైపు తిప్పి, "అన్నా, చూడు, ఏం కనిపిస్తలేదు" అన్నాడు. స్క్రీన్ మీద జీటీఏ 5, రాత్రి సీన్. హెడ్‌లైట్లు రెండు తెల్లటి ముద్దల్లా ఉన్నాయి. రోడ్డు, చెట్లు, కొండ అన్నీ కలిసి ఒకటే నలుపు. మూలన ఎఫ్‌పీఎస్ 24 చూపిస్తోంది. ల్యాప్‌టాప్ ఫ్యాన్ సౌండ్ నాకు ఫోన్‌లోనే వినిపిస్తోంది.

వాడు కాలేజీ ఫెస్ట్ కోసం ఒక షార్ట్ ఫిల్మ్‌ని రాక్‌స్టార్ ఎడిటర్‌లో చేస్తున్నాడు. పాల్వంచ దాటాక భద్రాచలం వచ్చే అడవి దారిలో బండి మీద వెళ్తున్నట్టు ఒక సీన్ కావాలి. నచ్చిన గ్రాఫిక్స్ ప్రీసెట్‌లు మూడు డౌన్‌లోడ్ చేసి, మూడూ కలిపేశాడు. "మూడూ బాగున్నయ్ గదా అన్నా, కలిపితే ఇంకా బాగుండాలె గదా?" అని వాడి డౌట్. ఫెస్ట్‌కి ఇంకా మూడు రోజులే ఉంది. వాడి సెమిస్టర్ ప్రాజెక్ట్ కూడా అదే ల్యాప్‌టాప్‌లో ఉంది, అది వేడెక్కి అప్పటికే రెండుసార్లు ఆగిపోయింది.

ఈ డౌట్ చాలామందికి ఉంటుంది. సమాధానం సింపుల్: ప్రీసెట్‌లను కలపొచ్చు, కానీ కూడకూడదు. ఏది ఎక్కడ పనిచేస్తుందో తెలుసుకుని, ఒక్కో పనికి ఒక్కదాన్నే ఉంచాలి. ఎలాగో చూద్దాం.

ప్రీసెట్ అంటే అసలు ఏంటి?

మనం "గ్రాఫిక్స్ మోడ్" అని ఒకే పేరుతో పిలిచేవి నిజానికి మూడు లేయర్లలో పనిచేస్తాయి.

1. గేమ్ ఫైళ్లు: నేచురల్‌విజన్ ఎవాల్వ్డ్, విజువల్‌వీ లాంటివి ఈ రకం. ఇవి గేమ్ లోపలి టైమ్‌సైకిల్ ఫైళ్లను మారుస్తాయి. ఎండ ఉన్నప్పుడు, వాన పడేటప్పుడు, పొద్దున, సాయంత్రం ఆకాశం ఏ రంగులో ఉండాలి, పొగమంచు ఎంత ఉండాలి అన్నది ఈ ఫైళ్లలోనే ఉంటుంది.

2. ఈఎన్‌బీ సిరీస్: బోరిస్ వొరొంట్సోవ్ తయారుచేసింది. గేమ్‌కీ డైరెక్ట్‌ఎక్స్‌కీ మధ్యలో డీఎల్ఎల్ ఫైల్‌గా కూర్చుని, గేమ్ బొమ్మ గీస్తున్నప్పుడే వెలుగు, నీడ లాంటివి మార్చగలదు.

3. రీషేడ్: గేమ్ ఫ్రేమ్ గీయడం అయిపోయాక, ఆ బొమ్మ మీద పనిచేస్తుంది. ఫోన్‌లో ఫొటో తీశాక ఫిల్టర్ వేసినట్టే. కాకపోతే ప్రతి ఫ్రేమ్‌కీ వేస్తుంది. రీషేడ్ ప్రీసెట్ అంటే ఒక చిన్న ఐఎన్ఐ ఫైల్, నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ అవుతుంది. ఏ షేడర్లు ఆన్‌లో ఉండాలి, ఏ వరుసలో నడవాలి, ఒక్కోదాని విలువలు ఎంత అన్నదే అందులో ఉంటుంది.

ఇక్కడ ఒక పాయింట్ బాగా గుర్తుపెట్టుకోండి. రీషేడ్‌కి గేమ్‌లో టైమ్ ఎంతైందో తెలీదు, వాన పడుతోందో లేదో తెలీదు. సాయంత్రం 5 గంటల ఎండలో అదిరిపోయే ప్రీసెట్, రాత్రి 2 గంటలకు కూడా అదే మోతాదులో కాంట్రాస్ట్ పెంచుతుంది. స్క్రీన్‌షాట్ చూసి డౌన్‌లోడ్ చేసిన ప్రీసెట్ రాత్రిపూట దెబ్బతినేది అందుకే.

కలిపితే ఎందుకు పాడవుతుంది?

ఒకే పులుసులో ఇద్దరు ఒకరికి తెలీకుండా ఒకరు ఉప్పు వేస్తే ఏమవుతుంది? ఇక్కడా అంతే. ప్రీసెట్ చేసిన ప్రతివాళ్లూ అది ఒరిజినల్ గేమ్ మీద, లేదా తాము వాడే ఒక మోడ్ మీద నడుస్తుందని అనుకుని విలువలు పెడతారు.

సాచురేషన్ తీసుకోండి. మొదటి ప్రీసెట్ 1.3 రెట్లు పెంచింది, రెండోది కూడా 1.3 రెట్లు. మీకు వచ్చేది 1.3 కాదు, 1.69. అడవి పచ్చ కాస్తా ప్లాస్టిక్ పచ్చ అవుతుంది.

నలుపు ఇంకా డేంజర్. ఒక పిక్సెల్ వెలుగు విలువ 0 నుంచి 255 మధ్యలో ఉంటుంది. రాత్రి రోడ్డు మీద ఒక పిక్సెల్ 30 దగ్గర ఉందనుకుందాం. మొదటి ప్రీసెట్ కాంట్రాస్ట్ కోసం దాన్ని 15 తగ్గించింది, ఇంకో 15 మిగిలింది. రెండో ప్రీసెట్ మళ్లీ 15 తగ్గించింది, 0 అయిపోయింది. పక్కన 20 దగ్గర ఉన్న పిక్సెల్ కూడా 0 అయింది. రోడ్డు, రోడ్డు పక్కన మట్టి ఒకటే అయిపోయాయి. దాని తర్వాత మీరు బ్రైట్‌నెస్ ఎంత పెంచినా లాభం లేదు, పోయిన డీటెయిల్ తిరిగి రాదు. మా వాడి స్క్రీన్‌లో జరిగింది ఇదే.

షార్ప్‌నింగ్ రెండుసార్లు పడితే ఆకుల అంచుల చుట్టూ తెల్లటి గీతలు వస్తాయి. బ్లూమ్ రెండుసార్లు పడితే హెడ్‌లైట్లు ముద్దలవుతాయి.

ఇంకో చిక్కు ఉంది. రీషేడ్‌లో ఒక టైమ్‌లో ఒకే ప్రీసెట్ ఫైల్ నడుస్తుంది. రెండు ఫైళ్లలోనూ ఒకే షేడర్ ఉంటే, కలిపిన ఫైల్‌లో దాని విలువలు ఒక్క సెట్టే ఉండాలి. అందుకే ఒక ఫైల్‌లోది మొత్తం కాపీ చేసి ఇంకో ఫైల్ కింద అతికించేస్తే మీరు అనుకున్న లుక్ రాదు.

ఆర్డర్ కూడా ముఖ్యమే

షేడర్లు పై నుంచి కిందికి వరుసగా నడుస్తాయి. ముందుదాని అవుట్‌పుట్ తర్వాతిదానికి ఇన్‌పుట్. నేను వాడే వరుస ఇది:

* ముందు ఎస్ఎంఏఏ లాంటి యాంటీ అలియాసింగ్. అంచులు మామూలుగా ఉన్నప్పుడే వాటిని సరిగ్గా గుర్తుపడుతుంది.
* తర్వాత యాంబియంట్ అక్లూజన్, అంటే మూలల్లో నీడలు.
* తర్వాత బ్లూమ్.
* తర్వాత రంగుల పని: లిఫ్ట్ గామా గెయిన్, కర్వ్స్, లట్. వీటిలో ఒకటి చాలు, మహా అయితే రెండు.
* తర్వాత షార్ప్‌నింగ్, ఒక్కటే.
* చివర్లో విన్యెట్, ఫిల్మ్ గ్రెయిన్. గ్రెయిన్ వేశాక షార్ప్‌నింగ్ చేస్తే ఆ చుక్కలే షార్ప్ అవుతాయి, అందుకే ఇది చివర.

యాంబియంట్ అక్లూజన్ గురించి ఒక హెచ్చరిక. అది వస్తువు ఎంత దూరంలో ఉందో డెప్త్ బఫర్ చూసి నీడ వేస్తుంది. కానీ పొగమంచు డెప్త్ బఫర్‌లో ఉండదు. అందుకే మంచు వెనకాల చెట్టు సగమే కనిపిస్తున్నా, దాని నీడ మాత్రం మంచు మీద నల్లగా తేలుతుంది. గోదావరి మీద పొద్దుటి మంచు లాంటి సీన్ కావాలంటే దీన్ని తగ్గించండి, లేదా ఆ సీన్‌కి ఆఫ్ చేయండి. ఇది అసలు పనిచేయకపోతే గేమ్ సెట్టింగ్స్‌లో ఎంఎస్ఏఏ ఆఫ్ చేసి చూడండి.

ఎఫ్‌పీఎస్ లెక్క, వేడి లెక్క

60 ఎఫ్‌పీఎస్ కావాలంటే ఒక్కో ఫ్రేమ్ 16.67 మిల్లీసెకన్లలో పూర్తవ్వాలి. మీ గేమ్ ఒక్కటే 13 మిల్లీసెకన్లు తీసుకుంటుంటే, షేడర్లకు మిగిలేది సుమారు మూడున్నర మిల్లీసెకన్లు. ఒక యాంబియంట్ అక్లూజన్, ఒక డెప్త్ ఆఫ్ ఫీల్డ్ కలిసి దాన్ని మొత్తం తినేయగలవు. రంగుల షేడర్లు మాత్రం చాలా తేలిక.

ఏది ఎంత తింటోందో ఊహించక్కర్లేదు. రీషేడ్ మెనూ హోమ్ కీతో ఓపెన్ అవుతుంది. అందులో స్టాటిస్టిక్స్ ట్యాబ్‌లో ఒక్కో షేడర్ ఎన్ని మిల్లీసెకన్లు తీసుకుంటోందో కనిపిస్తుంది. మా వాడిది జీటీఎక్స్ 1650 ల్యాప్‌టాప్. మూడు ప్రీసెట్‌ల నుంచి వచ్చిన షేడర్లు 19 ఆన్‌లో ఉన్నాయి, అందులో యాంబియంట్ అక్లూజన్లే రెండు!

దీనికి మన వాతావరణం తోడు. కొత్తగూడెం, భద్రాచలం వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే. రూమ్ అంత వేడిగా ఉంటే ల్యాప్‌టాప్ ఫ్యాన్ లోపలికి లాగేది కూడా వేడి గాలే. జీపీయూ తనను తాను కాపాడుకోవడానికి స్పీడ్ తగ్గించుకుంటుంది. చలి దేశంలో కూర్చుని టెస్ట్ చేసిన వీడియోలో కనిపించే ఎఫ్‌పీఎస్ మనకు రాదు. అందుకే ఎఫ్‌పీఎస్‌ని 45 దగ్గరో 50 దగ్గరో లాక్ చేయండి. ల్యాప్‌టాప్ వెనక భాగాన్ని కొంచెం ఎత్తులో పెట్టండి. టెస్ట్ కనీసం 20 నిమిషాలు చేయండి. మొదటి రెండు నిమిషాల ఎఫ్‌పీఎస్ చూసి మోసపోవద్దు.

స్టెప్ బై స్టెప్: కలపడం ఎలా?

1. గేమ్ ఫోల్డర్‌కి, సేవ్ ఫైళ్లకి బ్యాకప్ తీసుకోండి. ఓపెన్‌ఐవీ వాడుతుంటే మార్పులన్నీ మోడ్స్ ఫోల్డర్‌లోనే చేయండి, ఒరిజినల్ ఫైళ్లు ముట్టుకోవద్దు.

2. మొదటి లేయర్‌లో ఒక్క మోడ్‌నే ఎంచుకోండి. నేచురల్‌విజన్, విజువల్‌వీ రెండూ టైమ్‌సైకిల్ ఫైళ్లనే మారుస్తాయి. రెండూ వేస్తే సగం వాతావరణాలు ఒకదానివి, సగం ఇంకోదానివి అయి కూర్చుంటాయి.

3. రీషేడ్‌లో ఖాళీ ప్రీసెట్ ఒకటి కొత్తగా క్రియేట్ చేయండి. మీకు నచ్చిన ప్రీసెట్‌లను పక్కన నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ చేయండి.

4. ఒక్కో ప్రీసెట్‌లో మీకు నచ్చింది ఏంటో ఒక్క ముక్కలో రాసుకోండి. "దీంట్లో సాయంత్రం రంగు", "దాంట్లో మూలల నీడ" ఇలా. ఆ ఒక్క షేడర్ విలువలు మాత్రమే మీ ఫైల్‌లోకి తెచ్చుకోండి.

5. ఒక షేడర్ ఆన్ చేయగానే నాలుగు చోట్ల చూడండి: మధ్యాహ్నం ఎండ, సాయంత్రం, రాత్రి, వాన. నాలుగింటిలోనూ ఓకే అయితేనే రెండోది ఆన్ చేయండి.

6. అన్నీ సెట్ అయ్యాక పెర్ఫార్మెన్స్ మోడ్ టిక్ చేయండి. ఆ తర్వాత విలువలు మార్చలేరు కానీ కొంచెం ఎఫ్‌పీఎస్ కలిసొస్తుంది.

మన అడవి రంగు ఎలా తేవాలి?

అసలు మా వాడి ప్రాబ్లం రెండు ప్రీసెట్‌లు కలపడం కూడా కాదు. వాడికి కావాల్సిన రంగు ఆ మూడింటిలో ఎందులోనూ లేదు. ఎండాకాలంలో మన టేకు చెట్లు ఆకు రాల్చేస్తాయి. నేలంతా ఎండుటాకు, ఎర్రమట్టి, ఆకుల మీద దుమ్ము. అక్కడక్కడా ఇంకా పచ్చగా ఉన్న చెట్లు. ప్రీసెట్‌లలో కనిపించే తడి పచ్చ, నీలి నీడలు మన దగ్గర ఆ టైమ్‌లో ఉండవు.

దీనికి బెస్ట్ దారి లట్. ఏ రంగు ఏ రంగుగా మారాలో చెప్పే ఒక చిన్న బొమ్మ ఇది. రీషేడ్‌తో వచ్చే మామూలు లట్ బొమ్మ 1024 ఇంటూ 32 పిక్సెల్స్ ఉంటుంది.

* ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ పెట్టి, వైట్ బ్యాలెన్స్ 5500 కెల్విన్ దగ్గర లాక్ చేసి, అడవి దారిని ఫొటో తీయండి. ఆటో మోడ్ వద్దు, ఫోన్ తన సొంతంగా పచ్చ పెంచేస్తుంది.
* రీషేడ్ ఎఫెక్ట్‌లు ఆఫ్ చేసి, గేమ్‌లో అలాంటి వెలుగులోనే స్క్రీన్‌షాట్ తీయండి.
* జింప్‌లో ఆ స్క్రీన్‌షాట్‌ని మీ ఫొటోకి దగ్గరగా వచ్చేలా కర్వ్స్‌తో మార్చండి.
* సరిగ్గా అవే మార్పులను మామూలు లట్ బొమ్మ మీద కూడా చేసి, పీఎన్‌జీగా సేవ్ చేయండి. జేపీజీ వద్దు, కంప్రెషన్‌లో రంగులు చెడిపోతాయి.

ఎరుపు విషయంలో కొంచెం ఆగండి. మోదుగు పువ్వు ఫొటోని ఎక్కువ సాచురేట్ చేస్తే రేకులు కనిపించకుండా ఒకటే నారింజ ముద్ద అవుతుంది కదా, గేమ్‌లో బ్రేక్ లైట్లకు, ఎర్రమట్టికి అదే జరుగుతుంది.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* ఇదంతా స్టోరీ మోడ్‌కే. జీటీఏ ఆన్‌లైన్‌కి 2024 సెప్టెంబర్‌లో బాటిల్‌ఐ యాంటీ చీట్ వచ్చింది. మోడ్స్ ఉన్న గేమ్‌తో ఆన్‌లైన్‌లోకి వెళ్లి అకౌంట్ పోగొట్టుకోవద్దు.
* రీషేడ్ ప్రీసెట్ అంటే ఐఎన్ఐ ఫైల్, మహా అయితే కొన్ని షేడర్లు, బొమ్మలు. "ఆల్ ఇన్ వన్ ప్రీసెట్ ప్యాక్" అని ఈఎక్స్ఈ ఫైల్ ఇచ్చి, యాంటీవైరస్ ఆఫ్ చేయమంటే వెంటనే డిలీట్ చేయండి.
* మీరు కలిపిన ప్రీసెట్‌ని ఫ్రెండ్స్‌కి ఇస్తే, ఒరిజినల్ చేసినవాళ్ల పేరు చెప్పండి. బయట పెట్టాలంటే వాళ్ల పర్మిషన్ అడగండి.

చివరికి ఏమైంది?

ఆ రాత్రి మేం 19 షేడర్ల నుంచి ఆరుకి వచ్చాం. ఒక ప్రీసెట్ నుంచి యాంబియంట్ అక్లూజన్, ఇంకోదాని నుంచి బ్లూమ్ మాత్రం తీసుకున్నాం. మూడోది మొత్తం తీసేశాం. పొద్దున్నే వాడు ఊరి బయటికి వెళ్లి నాలుగు ఫొటోలు తీసుకొచ్చాడు, లట్ వాటితోనే చేశాం. 45 దగ్గర లాక్ చేస్తే ల్యాప్‌టాప్ మళ్లీ ఆగలేదు. సెమిస్టర్ ప్రాజెక్ట్ ముందుగానే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం, అది వేరే సంగతి.

క్లిప్ రెడీ అయ్యాక బాబాయికి చూపిస్తే, కాసేపు చూసి "ఇది మన దారే గదరా, ఎప్పుడు తీసినవ్?" అన్నాడట. బండి అమెరికా మోడల్ అని కూడా గమనించలేదు. మీరు కూడా మూడు ప్రీసెట్‌లు కలిపే ముందు, మీకు కావాల్సిన రంగు ఏంటో ఒకసారి కిటికీలోంచి బయటికి చూసి డిసైడ్ అవ్వండి. సగం షేడర్లు వాటంతటవే అవసరం లేకుండా పోతాయి.