తైలవర్ణ చిత్రమున ముఖము: ఒరవడి దిద్దుట

గురువు పలకపై వ్రాసిన అక్షరమునే పిల్లవాడు పదే పదే దిద్దును. దానిని చౌర్యమని ఎవరును అనరు. చిత్రకళాభ్యాసి పూర్వచిత్రమునకు ప్రతి వ్రాసినచో మాత్రము "ఇందు స్వంతమేమున్నది?" అని అడుగుదురు. పారిస్‌లోని లూవ్రు ప్రదర్శనశాలలో 1793 నుండియు చిత్రకారులు ప్రతులు వ్రాయుచునే యున్నారు. ప్రతి మూలముతో సరికొలతలో నుండరాదన్న నిబంధన కలదు. అది మోసమునకు అడ్డే గాని అభ్యాసమునకు కాదు.

డచ్చి చిత్రకారుడు వెర్మీర్ సుమారు 1665లో వ్రాసిన "ముత్యపు పోగు బాలిక" ఇట్టి అభ్యాసమునకు మిక్కిలి తగినది. హేగ్ నగరమున మౌరిట్స్‌హౌస్‌లో నున్న ఈ చిత్రము ఎత్తు 44.5, వెడల్పు 39 సెంటీమీటర్లు మాత్రమే. ఇది ఫలానావారి పోలికయని తెలియదు. అయినను ముఖము వ్రాయువానికి వలసిన పాఠమంతయు ఇందున్నది.

అచ్చుబొమ్మను చూచి నేను మొదట వ్రాసినపుడు ముక్కునకు చక్కని గీత గీచితిని. ముఖము చెడెను. మరల పరికింపగా, ముక్కునకును ఆవలి చెక్కిలికిని నడుమ గీతయే లేదు. రెండును ఒకే వెలుగులో కలిసిపోయినవి. నేను కన్నది వ్రాయలేదు, ముక్కునకు అంచుండునని ఎరిగినది వ్రాసితిని. ముత్యమును ఇట్టిదే. పైన ఒక తెల్లని మెరుపు, క్రింద తెల్లని మెడపట్టీ యొక్క మెత్తని ప్రతిబింబము. చెవికి తగిలించు కొక్కెమైనను లేదు!

వెర్మీర్ మొదట గోధుమ, నలుపు వన్నెలలో వెలుగునీడల నేర్పరచి, పిదప రంగులు వేసెనని 2018లో జరిగిన పరీక్షలలో తేలినది. నేడు నల్లగా కనబడు వెనుకభాగము నాడు ఆకుపచ్చని తెరయట; కనురెప్పలకు సన్నని వెండ్రుకలును ఉండెనట. మరి ప్రతిలో ఏది వ్రాయవలెను? అభ్యాసికి నేడు కంటికి కనబడునదే ప్రమాణమని నా అభిప్రాయము. ఊహించి వ్రాయుట మొదలిడినచో ఒరవడి తప్పును.

పనిలో తొందర కూడదు. క్రింది పూతలో నూనె తక్కువగాను, పై పూతలో ఎక్కువగాను ఉండవలెను. లేనిచో పై పొర పగులును. తలగుడ్డ నీలమునకు వెర్మీర్ వాడినది విలువైన రాతిపొడి. మనకు కృత్రిమమైన అల్ట్రామెరీన్ చాలును. పూత ఆరుచుండగా మూలమును, ప్రతిని ప్రక్కప్రక్కన నుంచి అద్దములో చూడవలెను. నా ప్రతిలో బాలిక ఎడమకన్ను జొన్నగింజంత పైకి జరిగినదని అద్దమే తెలిపినది.