బంతి, కఱ్ఱల ఆట – దాని తొలినాళ్ళు

బొల్లారములో సెలవుదినమున ఏ ఖాళీస్థలమునకు పోయినను బంతియు కఱ్ఱయు పట్టిన పిల్లలు కనబడుదురు. ఇంటిలో పెద్దలు రేడియోయొద్ద కూర్చుండి క్రికెట్ వ్యాఖ్యానము వినుచు పరుగులు లెక్కించుచుందురు. కాని “స్టంపులు మూడే యేల? నడిమి దూరము 22 గజములే యేల?” అని ఇంటి పిల్లవాడు అడిగినచో వెంటనే బదులు చెప్పగలవారు మనలో కొందరే. ఆ బదులు వెదకికొనుచు పోయినచో మనము నాలుగువందల యేండ్లకు పైగా వెనుకకు నడిచి, ఇంగ్లండు దక్షిణభాగమునందలి పచ్చికబీళ్ళకు చేరుదుము.

మన ప్రాంతమునకు ఈ యాట సైన్యముతో వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దమున బొల్లారము హైదరాబాదు కాంటింజెంటు సేనకు ముఖ్యమైన దండు. 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చియు, 1860లో నిర్మింపబడి నేడు రాష్ట్రపతి నిలయముగా నున్న రెసిడెంటుగారి విడిదియు ఆ కాలమునకు సాక్ష్యములు. బారకాసుల చెంత క్రికెట్ మైదానములు ఏర్పరుపవలెనని బ్రిటిష్ సేనాధికారులు 1841లోనే ఆజ్ఞ యిచ్చియుండిరి. తెల్లదుస్తులతో, డేరాలతో వచ్చిన ఈ యాటను మనవారు దొరల ఆటయనుకొనుట సహజమే. కాని దాని పుట్టుక దొరల మేడలలో జరుగలేదు.

ఇంగ్లండు పల్లెలలో బంతి, కఱ్ఱల ఆటలు ఒక కుటుంబమువలె నుండెను. వానిలో స్టూల్‌బాల్ ఒకటి. ఒకరు పీటవంటి గుఱికి బంతిని విసరుదురు; మఱియొకరు దానిని తగులనీయక అడ్డుకొందురు. ససెక్స్ ప్రాంతమున పాలు పితుకు పడుచులకు ఇది ప్రీతిపాత్రమైన ఆట. ట్రాప్‌బాల్ వేఱొకటి. చిన్న కొయ్యసాధనముపై బంతి నుంచి, దాని మీట నొక దెబ్బ కొట్టిన బంతి పైకెగురును. అది క్రిందపడక మునుపే దూరముగా కొట్టవలెను. టిప్‌క్యాట్ అను మూడవ ఆటలో బంతి లేదు. రెండుకొనలు చెక్కిన కొయ్యముక్కను కొనపై కొట్టి ఎగురవేసి, గాలిలో మరల కొట్టుదురు.

ఇది చదువుచున్నప్పుడే మన పాఠకులకు చిర్రగోనె జ్ఞాపకము వచ్చియుండును. దానినే గూటీబిళ్ళ యనియు, బిళ్ళంగోడు అనియు ఇతర ప్రాంతములవారు పిలుతురు. ఎవరు ఎవరినుండి నేర్చిరను తగవు మనకు పనిలేదు. పశువులు మేయుచుండగా చేత కఱ్ఱయు, కొంత తీరికయు గల పిల్లలు ఏ దేశమందున్నను ఇట్టి ఆట పుట్టునని మా అభిప్రాయము.

పేదల ఆటను చరిత్రకారులు వ్రాసిపెట్టలేదు. దానిని భద్రపఱచినవి న్యాయస్థానముల కాగితములు. 1598లో గిల్‌ఫర్డ్ పట్టణమున ఒక స్థలమును గూర్చి వ్యాజ్యము నడిచెను. జాన్ డెరిక్ అను ఏబదితొమ్మిదేండ్ల ఉద్యోగి సాక్ష్యమిచ్చుచు, తాను బడిపిల్లవాడుగా నున్నప్పుడు తోడివారితో ఆ స్థలముననే ‘క్రెకెట్’ ఆడితినని చెప్పెను. కావున సుమారు 1550 నాటికే ఆట యున్నట్లు తేలుచున్నది. 1611లో సిడిల్‌షామ్ గ్రామమున ఇద్దరు ఈస్టరు ఆదివారమున చర్చికి పోక క్రికెట్ ఆడినందులకు పండ్రెండేసి పెన్నీల జరిమానా చెల్లించిరి. 1624లో హోర్‌స్టెడ్ కీన్స్‌లో జరిగినది మఱింత విషాదకరము. బంతిని పట్టుకొనబోయిన జాస్పర్ వినాల్ తలకు, దానిని రెండవమారు కొట్టబోయిన ఆటగాని కఱ్ఱ తగిలెను. పదుమూడు దినముల పిదప అతడు మరణించెను. బంతిని కావలెనని రెండుమారులు కొట్టినవాడు ‘అవుట్’ అను నియమము 1744 నాటి నియమావళిలో కనబడుచున్నది.

ఆ నియమావళి ఏల పుట్టినది? ధనవంతులు పల్లెయాటపై పెద్ద పందెములు కాయసాగిరి. పందెమున్నచోట తగవుండును, తగవు తీర్చుటకు వ్రాతపూర్వకమైన నియమము కావలెను. 1744లో వికెట్ల నడిమి దూరము 22 గజములుగా నిర్ణయింపబడెను. భూమి కొలుచువారి గొలుసు పొడవును అంతియే, అనగా 66 అడుగులు. అప్పుడు స్టంపులు రెండే. బంతి నేలపై దొర్లివచ్చెడిది గనుక బ్యాటు కొన వంకరగా నుండెడిది. బంతిని ఎగురవేసి నేల తాకించుట అలవాటైన పిదప బ్యాటు నిటారైనది. 1771లో థామస్ వైట్ అను నతడు వికెట్టంత వెడల్పుగల బ్యాటుతో ఆటకు రాగా, వెడల్పు నాలుగుంబావు అంగుళములు మించరాదని కట్టడి చేసిరి. 1775లో ‘లంపీ’ స్టీవెన్సు వేసిన బంతి మూడుమారులు జాన్ స్మాల్ స్టంపుల నడుమనుండి దూసికొనిపోయినను అతడు అవుట్ కాలేదు. ఆ అన్యాయమును తొలగించుటకే మూడవ స్టంపు వచ్చినది. పిల్లవాని ప్రశ్నకు బదులిదియే.

నియమములు వ్రాయబడిన ఆట సముద్రములు దాటగలిగినది. చెన్నపట్నమున తెలుగువాడైన బుచ్చిబాబు నాయుడు 1888లో భారతీయులకై మద్రాసు యునైటెడ్ క్లబ్బును నెలకొల్పెను. మచిలీపట్నమునుండి తరలిపోయిన తెలుగుకుటుంబమునకు చెందిన సి. కె. నాయుడు 1932లో లార్డ్స్ మైదానమున భారతజట్టుకు తొలి టెస్టునాయకుడయ్యెను. ఎం. ఎల్. జయసింహ సికింద్రాబాదులోనే జన్మించెను. సికింద్రాబాదులో ఆట నేర్చిన మిథాలీ రాజ్ 2005లోను, 2017లోను మహిళల ప్రపంచకప్పు తుదిపోరున భారతజట్టును నడిపెను. పాలు పితుకు పడుచులు పీటను కాపాడుకొన్న ఆటను తలచుకొన్నచో, స్త్రీల చేత బ్యాటు కొత్తవింత కాదని తెలియును.

మఱి మన చిర్రగోనె మాటయేమి? దానికిని నియమములున్నవి, అవి ఊరూరికి మాఱును. బిళ్ళ యెంత పొడవుండవలెను? గోనెతో దూరమెట్లు కొలువవలెను? ఓడినవాని కేమి శిక్ష? ఇవన్నియు మన తాతల నోట నున్నవి, కాగితముపై నున్నవి చాల తక్కువ. ఇంగ్లండువారికైనను ఒక వ్యాజ్యము నడుచుటచేత ఒక ముదుసలి జ్ఞాపకము దక్కినది. మనము వ్యాజ్యముదాక పోనక్కరలేదు. ఈ ఆదివారము వ్యాఖ్యానము ముగిసిన పిదప ఇంటి పెద్దలను తమ ఊరి ఆట నియమములు చెప్పుమని అడిగి, పిల్లలచేత ఒక నోటుపుస్తకమున వ్రాయింపుడు.