పాత వంటపొయ్యిని స్వల్పవ్యయముతో బాగుచేసికొను విధము

పంటపొలమునకు ఎరువెంత, విత్తనమెంత యని లెక్క చూచుకొను రైతు, తన యింట ప్రతిదినము రెండు పూటలు మండు పొయ్యిని గూర్చి లెక్క చూచుట యరుదు. మన గ్రామములలో ననేక గృహములకు గ్యాసుపొయ్యి వచ్చినది. 2016వ సంవత్సరమున నారంభమైన ఉజ్జ్వల పథకము దేశమంతట పేదగృహములకు గ్యాసును చేర్చినది. అయినను స్నానమునకు నీళ్లు కాచుటకు, పశువులకు ఉలవలుడికించుటకు, పెండ్లిపేరంటములకు, బండ కొనుటకు చేతిలో సొమ్ము లేని దినములలో వంటకును కట్టెలపొయ్యియే గతి. కావున దానిని బాగుచేసికొను ఉపాయము తెలిసికొనుట యావశ్యకము.

పొగవలన గలుగు నష్టము స్వల్పము కాదు. గృహములలోని పొగవలన 2020వ సంవత్సరమున ప్రపంచమున సుమారు 32 లక్షల యకాలమరణములు సంభవించినవని ప్రపంచ ఆరోగ్యసంస్థ యంచనా. ఆ పొగను ముందుగా పీల్చువారు మన యింటి యాడువారును, వారి చంకనున్న పసిబిడ్డలును. ఇక కట్టెల మాట. సాధారణమైన మూడురాళ్ల పొయ్యిలో కట్టెనుండి పుట్టిన వేడిలో నూటికి 10 మొదలు 15 వంతులు మాత్రమే పాత్రకు చేరును. తక్కినది గాలిపాలు.

ఈ లోపమును సవరించు ప్రయత్నము మన ప్రాంతముననే జరిగినది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టరు ఎస్. పి. రాజుగారు పొగగొట్టముగల మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో దానినిగూర్చి యొక ఇంగ్లీషు గ్రంథమును ప్రకటించిరి. ఆ పొయ్యి సూత్రమునే యనుసరించి పాతపొయ్యిని మార్చుకొనవచ్చును.

పాతపొయ్యికి గల దోషములు మూడు. పొగ పోవుటకు దారి లేదు. పాత్రచుట్టు సందులగుండ మంట వెలికి పోవును. కట్టెలు బూడిదలో కూరుకొనియుండుటచే క్రిందినుండి గాలి యందదు. వీనిని సవరించుటలో వరుస తప్పరాదు. గొట్టము నిలుపకమునుపే సందులు మూసినచో పొగయంతయు పొయ్యినోటనుండి వంటచేయువారి ముఖముమీదికే వచ్చును.

మొదట పొయ్యివెనుక రెండవ పాత్రకు గుంట కట్టవలెను. మొదటి గుంటనుండి దానికి మూడంగుళముల సొరంగమును కొంచెము పైకి వాలునట్లు తీయవలెను. రెండవ గుంట యడుగున మట్టిదిబ్బ యొకటి పెట్టినచో, వేడి దానికి తగిలి పాత్రయడుగునకు లేచును. లేనియెడల నేరుగా గొట్టములోనికి పోవును. ఆ గుంట వెనుకనుండి మూడు నాలుగంగుళముల వెడల్పుగల గొట్టమును వంపులు లేక నిలువుగా కప్పుమీదికి రెండడుగులెత్తు లేపి, వాన పడకుండ పైన మూత నమర్చవలెను. అడుగున మసి తీయుటకు చిన్న ద్వారము విడిచి, దానికి బిరడా చేయవలెను.

గొట్టము నిలిచినపిదప పొయ్యిగడ్డలను తీసివేసి, ఇంట నిత్యము వాడు పాత్రను గుంటపై నుంచి, దాని చుట్టుకొలతకు సరిగా మట్టితో అంచు దిద్దవలెను. పొయ్యిలో ఇనుపఊచలను వరుసగా నమర్చి, వాని క్రింద బూడిద పడుటకు చోటు విడువవలెను. ఊచలకును పాత్రయడుగునకును నడుమ ఆరు మొదలు ఎనిమిదంగుళములుండిన చాలును.

జిగటమట్టిలో ఊక, పేడ, కొంచెము ఇసుక కలిపి, తడిపి, త్రొక్కి, కొన్నాళ్లు మాగనిచ్చి వాడవలెను. కట్టిన పొయ్యిని నీడలోనే పది దినములారనిచ్చి, మొదట చిన్నమంట వేయవలెను. తొందరపడినచో పగుళ్లు వచ్చును. మట్టి, ఊక, పేడ మన యింటివే. ఊచలు పాతయినుములో దొరకును. సొమ్ము పెట్టవలసినది ముఖ్యముగా గొట్టమునకు మాత్రమే. కుమ్మరి కాల్చిన మట్టిగొట్టములు దానికి తగును. సభ్యులు పదిమంది కలిసి యొక్కసారి చేయించుకొన్నచో వెల తగ్గును.

పూరియిండ్లవారు మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. గొట్టము గడ్డికి తగులరాదు. అది పోవుచోట జానెడు మేర గడ్డి తొలగించి, చుట్టు మట్టికట్టు వేయవలెను. లేనిచో పొయ్యి బాగుచేయబోయి యిల్లు కాల్చుకొన్నట్లగును.

ఇంతటితో పని ముగిసినదని తలపరాదు. 1983లో ప్రభుత్వము దేశమంతట మెరుగుపొయ్యిల పథకము నారంభించినది. లక్షలకొలది పొయ్యిలు కట్టబడినవి కాని, వానిలో ననేకములు కొలదికాలమునకే మూలబడినవి. ఒడిశాలో సుమారు 2,600 గృహములను నాలుగేండ్లవరకు పరిశీలించి, 2012లో ఫలితములను ప్రకటించిన పరిశోధకులు, స్త్రీలు పీల్చు పొగ మొదటి యేట తగ్గినదనియు, పిదప ఆ మేలు నిలువలేదనియు, కట్టెల వాడుకయు తగ్గలేదనియు తెలిపిరి. పొయ్యిలను క్రమముగా వాడకపోవుటయు, బాగుచేసికొనకపోవుటయు దీనికి కారణములు.

కావున వారమున కొకసారి సొరంగములోని బూడిదను, నెలకొకసారి గొట్టములోని మసిని తీయవలెను. పొయ్యి అలుకునప్పుడే పగుళ్లు పూడ్చవలెను. రెండవ గుంటపై పాత్ర లేనప్పుడు నీళ్లకుండ యుంచినచో పొగ రాదు, నీళ్లును కాగును. పచ్చికట్టె యెంతమంచి పొయ్యిలోనైనను పొగయే. కందికంపయైనను పత్తికట్టెయైనను ఎండినదే వాడవలెను.

బాగుచేసిన మట్టిపొయ్యి గ్యాసుతో సమానమైన శుభ్రత నీయదు. గ్యాసు వాడగలవారు పిల్లలున్న యింట వంటకు దానినే వాడుట మేలు. కట్టెలు తప్పనివారు మాత్రము ఈ వేసవిలో, వానలు పడకమునుపే, ఈ పని ముగించుకొనవలెను. కట్టుట మగవారి పనియైనను, గుంటల కొలత, పొయ్యియెత్తు, నిలుపుచోటు వంటచేయు యిల్లాలి నడిగియే నిర్ణయింపవలెను. ఆమెకు వీలుకాని పొయ్యి యెంత చక్కగా కట్టినను మూలబడక మానదు.