టర్బో కారు నడుపుతున్నారా? ఇంజిన్ ఆయిల్ డబ్బా వెనక ఇది చూడకుండా కొంటే జేబుకు చిల్లే!

ఒకప్పుడు టర్బో పెట్రోల్ అంటే ఖరీదైన కార్లకే పరిమితం. ఇప్పుడు నెక్సాన్, వెన్యూ, సోనెట్, ఫ్రాంక్స్, టైగన్, కుషాక్.. ఇలా మధ్యతరగతి కొనే మోడళ్లలోనూ టర్బో పెట్రోల్ వెర్షన్లు వచ్చేశాయి. వెయ్యి, పన్నెండు వందల సీసీ ఇంజిన్‌తోనే పెద్ద కారు పికప్ ఇస్తున్నాయి. డీజిల్ కార్ల సంగతి సరేసరి, దాదాపు అన్నింటికీ టర్బో ఉంటుంది. ఫ్రీ సర్వీసులు ఉన్నన్నాళ్లూ ఏ ఆయిల్ పోస్తున్నారో ఎవరూ పట్టించుకోరు. కారు బయటి షెడ్డుకు వెళ్లిన రోజే అసలు ప్రశ్న వస్తుంది. "ఏ ఆయిల్ పొయ్యమంటారు సార్?" అని మెకానిక్ అడుగుతాడు. "మంచిదే పొయ్యన్నా, ఫుల్లీ సింథటిక్" అని ఓనర్ చెప్పేస్తాడు. ఫుల్లీ సింథటిక్ అన్న ఆ ఒక్క మాట సగం జవాబు కూడా కాదు.

టర్బోకు ఆయిల్‌తో ఏం పని?

టర్బో అంటే ఇంజిన్ నుంచి బయటికొచ్చే వేడి పొగతో తిరిగే చిన్న చక్రం. అదే ఇరుసుకు రెండో వైపు ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని లాగి, ఒత్తిడి పెంచి ఇంజిన్‌లోకి తోస్తుంది. మామూలు పెట్రోల్ ఇంజిన్ నిమిషానికి ఆరు వేల చుట్లు తిరిగితేనే మీటర్‌లో ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చేస్తుంది. టర్బో ఇరుసు మాత్రం నిమిషానికి లక్ష నుంచి రెండు లక్షల చుట్లు కూడా తిరుగుతుంది. చాలా కార్లలో ఈ ఇరుసుకు బాల్ బేరింగులు ఉండవు. బుష్‌లో సన్నటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర తెగిందా.. లోహం లోహానికి రాసుకుంటుంది.

దీనికి వేడి తోడు. పెట్రోల్ టర్బోలోకి వచ్చే పొగ గట్టిగా నడిపినప్పుడు 900 డిగ్రీల పైన కూడా ఉంటుంది. ఆ పక్కనే ఉన్న బేరింగును చల్లబరిచే పని కూడా ఆయిల్‌దే. హైవే మీద 100 స్పీడ్‌లో వచ్చి, దాబా ముందు ఆపీ ఆపగానే తాళం తిప్పేస్తే ఆయిల్ ప్రవాహం ఆగిపోతుంది. ఇరుసు దగ్గర చిక్కుకున్న కాస్త ఆయిల్ మూకుట్లో మాడిన నూనెలా నల్లగా గట్టిపడుతుంది. ఇలా పదేపదే జరిగితే ఆ మసి సన్నటి ఆయిల్ దారుల్ని మూసేస్తుంది. మినరల్ ఆయిల్‌లో ఇది త్వరగా జరుగుతుంది, సింథటిక్ ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. టర్బో కార్లకు సింథటిక్ అడగడానికి ముఖ్య కారణం ఇదే.

మరి సింథటిక్ అని రాసుంటే చాలదా?

చాలదు. ఎందుకంటే ఆ మాటకు అర్థం దేశాన్ని బట్టి మారుతుంది. పాలీఆల్ఫా ఓలెఫిన్ అనే, ల్యాబుల్లో రూపుదిద్దుకున్న రసాయనంతో చేసిన ఆయిల్‌నే మొదట్లో సింథటిక్ అనేవారు. తర్వాత ముడి చమురునే బాగా శుద్ధి చేసి, దాని అణువుల అమరిక మార్చి తీసిన ఆయిల్‌ను కూడా అదే పేరుతో అమ్మడం మొదలైంది. దీనిపై అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ కంపెనీల మధ్య పెద్ద పంచాయితీయే నడిచింది. ప్రకటనల వివాదాలు చూసే సంస్థ 1999లో క్యాస్ట్రాల్ వైపు మొగ్గింది. అప్పటి నుంచి రెండు రకాలూ సింథటిక్ పేరుతోనే అమ్ముడవుతున్నాయి. జర్మనీలో మాత్రం ఈ మాట వాడటానికి నిబంధనలు ఇంకా కఠినంగా ఉన్నాయి.

అలాగని రెండో రకం నాసిరకం అనుకోవద్దు. ఈరోజు మార్కెట్‌లో దొరికే మంచి సింథటిక్స్‌లో చాలావరకు అవే. చెప్పేదేంటంటే డబ్బా ముందు మెరిసే అక్షరాలు ప్రచారం కోసం. కారుకు కావాల్సిన సమాచారం డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇక సెమీ సింథటిక్ అంటే ఇంత శాతం కలపాలన్న లెక్క కూడా ఎక్కడా లేదు.

'మన ఎండలకు చిక్కటిదే బెస్ట్'.. నిజమేనా?

షెడ్డుల్లో ఎక్కువగా వినిపించే మాట ఇది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ఊళ్లలో 0డబ్ల్యూ-20 లాంటి నీళ్ల ఆయిల్ ఏం పనికొస్తుంది, 20డబ్ల్యూ-50 పోస్తే ఇంజిన్ బోరుకు రాదు అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఇంజిన్‌కు బయటి ఎండతో సంబంధం తక్కువ. థర్మోస్టాట్ కూలెంట్‌ను దాదాపు 90 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతుంది. వేడెక్కాక ఆయిల్ కూడా 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. బయట 30 ఉన్నా, 45 ఉన్నా కంపెనీ లెక్క వేసుకున్నది ఆ వేడికే.

5డబ్ల్యూ-30లో డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. వెనకున్న 30 అంకె వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. లంబసింగిలో కూడా మైనస్ 30 డిగ్రీల చలి రాదు కదా, ముందు అంకెతో మనకేం పని అనిపించొచ్చు. పని ఉంది. 5డబ్ల్యూ-30 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఉండే చిక్కదనంతో పోలిస్తే 40 డిగ్రీల దగ్గర ఐదారు రెట్లు చిక్కగా ఉంటుంది. అంటే నడి ఎండాకాలంలో పొద్దున్నే స్టార్ట్ చేసినా ఇంజిన్ దృష్టిలో అది చల్లటి ఆయిలే. పంపు నుంచి టర్బో దాకా అది వెళ్లడానికి పట్టే ఆ కొద్ది సెకన్లలోనే అరుగుదల ఎక్కువ. 20డబ్ల్యూ-50 పోస్తే ఆ ఆలస్యాన్ని మనమే పెంచినట్టు. మైలేజీ కూడా తగ్గుతుంది.

తిరగేసి చేసేవాళ్లూ ఉన్నారు. 40 గ్రేడ్ అడిగే ఇంజిన్‌లో మైలేజీ కోసం 0డబ్ల్యూ-20 పోస్తుంటారు. ఇది ఇంకా ప్రమాదం. కొన్ని మాన్యువల్స్‌లో బయటి ఉష్ణోగ్రతను బట్టి రెండు మూడు గ్రేడ్లు చూపే చార్ట్ ఉంటుంది. అందులో ఉంటే నిశ్చింతగా మార్చుకోవచ్చు. లేకపోతే మార్చకూడదు.

రెండు డబ్బాల మీదా 5డబ్ల్యూ-30.. కానీ రెండూ ఒకటి కావు

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. గ్రేడ్ కలిసింది కదా అని షాపులో ఏది చేతికందితే అది తీసుకుంటారు. 150 డిగ్రీల వేడిలో, బేరింగుల మధ్య నలిగేటప్పుడు ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చూసే పరీక్ష ఒకటి ఉంది. దాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 5డబ్ల్యూ-30 అని రాసుకోవడానికి ఈ పరీక్షలో 2.9 వస్తే చాలు. యూరప్ వాళ్ల సీ3 ప్రమాణం ఉన్న 5డబ్ల్యూ-30కి మాత్రం కనీసం 3.5 రావాలి. అంటే అంకె ఒకటే అయినా టర్బో ఇరుసు చుట్టూ నిలిచే పొర వేరు. జపాన్, కొరియా కార్లు సాధారణంగా పలుచటి రకంతో సరిపెట్టుకునేలా తయారవుతాయి. చాలా యూరప్ ఇంజిన్లు చిక్కటి రకాన్ని అడుగుతాయి.

అందుకే గ్రేడ్ చూసే ముందు ప్రమాణం చూడాలి. ఫోక్స్‌వ్యాగన్ 502 00, 508 00 లాంటి నంబర్లు అవే. 508 00 ఆయిల్‌కు గుర్తుపట్టేలా ఆకుపచ్చ రంగు కూడా కలుపుతారు. 502 00 అడిగే పాత ఇంజిన్‌లో అది పోయకూడదు. డబ్బా మీద 'అప్రూవ్డ్' అని ఉందా, 'మీట్స్ రిక్వైర్‌మెంట్స్' అని ఉందా అన్నదీ చూడండి. మొదటిదైతే కార్ల కంపెనీ పరీక్షించి ఒప్పుకున్నట్టు. రెండోదైతే ఆయిల్ కంపెనీ తనంతట తాను చెప్పుకుంటున్నట్టు.

పిస్టన్ పగలగొట్టే 'టక్' శబ్దం

టర్బోతో పాటు డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోల్ ఇంజిన్లకు ఇంకో గండం ఉంది. దాని పేరు ఎల్‌ఎస్‌పీఐ. తక్కువ ఆర్పీఎంలో ఎక్కువ బరువు పడినప్పుడు, స్పార్క్ ప్లగ్ నిప్పు వేయకముందే ఇంధనం అంటుకోవడం అన్నమాట. నాలుగో గేర్‌లో 1500 ఆర్పీఎం దగ్గర ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కడం దీనికి సరైన ఉదాహరణ. ఒక్క గట్టి దెబ్బకే పిస్టన్ పగిలే ప్రమాదం ఉంది.

పిస్టన్ అంచున ఇంధనంతో కలిసిన ఆయిల్ చుక్కలు ఇందులో పాత్రధారులని పరిశోధనల్లో తేలింది. ఇంజిన్‌ను శుభ్రంగా ఉంచడానికి ఆయిల్‌లో కలిపే కాల్షియం ఎక్కువైతే ముప్పు పెరుగుతోందని, కొంత మెగ్నీషియంకు మార్చితే తగ్గుతోందని కూడా గుర్తించారు. దాంతో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, 2018లో ఎస్‌ఎన్ ప్లస్ అనే కొత్త ప్రమాణం తెచ్చింది. 2020లో ఎస్‌పీ, 2025లో ఎస్‌క్యూ వచ్చాయి. డబ్బా వెనక గుండ్రటి ముద్రలో, పై భాగంలో ఈ అక్షరాలు ఉంటాయి. టర్బో పెట్రోల్ కారుకు ఏపీఐ ఆయిల్ కొంటుంటే ఎస్‌పీ లేదా ఎస్‌క్యూ అడగండి. మాన్యువల్‌లో ఎస్‌ఎన్ అని ఉన్నా ఎస్‌పీ పోయొచ్చు. ఎస్‌పీ అడిగిన చోట పాత స్టాక్ ఎస్‌ఎన్ మాత్రం వద్దు. చవగ్గా వస్తోందని షాపువాళ్లు అంటగట్టేది సాధారణంగా ఆ పాత స్టాకే!

ఆయిల్ సరైనదే అయినా గేర్ తగ్గించకుండా తొక్కేస్తే లాభం లేదు. ఎక్కుడులో ఒక గేర్ కిందికి దించడం ఖర్చులేని మందు.

డీజిల్ కారైతే లెక్క వేరు

2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్6 నిబంధనలతో డీజిల్ కార్ల పొగ గొట్టంలో డీపీఎఫ్ అనే జల్లెడ వచ్చింది. అందులో పేరుకునే మసిని కారే ఎప్పటికప్పుడు కాల్చేసుకుంటుంది. కానీ ఆయిల్‌లోని లోహపు మిశ్రమాలు కాలగా మిగిలే బూడిద మాత్రం ఎంత కాల్చినా పోదు. అందుకే ఈ కార్లకు బూడిద తక్కువ మిగిల్చే సీ2, సీ3 రకాలు చెబుతారు. సీ3లో బూడిద 0.8 శాతానికి మించకూడదు. పాత డీజిల్ కార్లకు పోసే ఏ3/బీ4 రకంలో ఇది 1.6 శాతం దాకా ఉండొచ్చు. ఆయిల్ ఎంత పేరున్నదైనా సరే, ఈ రకం పోస్తే జల్లెడ ముందుగానే మూసుకుపోతుంది.

సిటీలోనే తిరిగే డీజిల్ కార్లలో మసి కాల్చే పని మధ్యలోనే ఆగిపోతుంటుంది. అప్పుడు అదనంగా చిమ్మిన డీజిల్ కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. గేజ్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగినట్టు కనిపిస్తుంది. సంతోషించాల్సిన విషయం కాదు, వెంటనే మార్చాలి.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

చాలా కంపెనీలు 10 వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అంటాయి. అదే మాన్యువల్‌లో కాస్త కింద, దుమ్ము రోడ్లు, ట్రాఫిక్‌లో ఆగుతూ సాగే ప్రయాణం, రోజూ నాలుగైదు కిలోమీటర్ల చిన్న ట్రిప్పులు ఉంటే ఇంకా ముందే మార్చాలని రాసి ఉంటుంది. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్లొచ్చే కారు, బెంజి సర్కిల్ దగ్గర అరగంట నిలబడే కారు ఈ లెక్కలోకే వస్తాయి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోల్ కొంత ఆయిల్‌లో కలుస్తుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోతే అది ఆవిరి కాదు. ఆయిల్ పలుచబడిపోతుంది.

టర్బో కారు కొద్దికొద్దిగా ఆయిల్ తాగడం మామూలే కాబట్టి నెలకోసారి చదునైన చోట కారు ఆపి, కాసేపు ఆగి గేజ్ చూసుకోండి. గట్టిగా నడిపి వచ్చిన రోజు ఇంటి ముందు ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపితే చాలు. బైక్ ఆయిల్ మిగిలింది కదా అని కారులో పోయకండి, దాని తయారీయే వేరు.

షెడ్డులో లూజు ఆయిల్ వద్దే వద్దు. సీల్ ఉన్న డబ్బా మీ ముందే తెరిపించండి. ఖాళీ డబ్బాలు నకిలీ ఆయిల్ వ్యాపారుల చేతికి వెళ్లకుండా కోయించేయండి. వారంటీ ఉన్న కారైతే బిల్లు మీద ఆయిల్ పేరు, గ్రేడ్, ప్రమాణం, ఆ రోజు కిలోమీటర్ల రీడింగ్ రాయించుకోండి. రేపు టర్బో పోయిందని వెళ్తే సర్వీస్ సెంటర్‌లో ముందుగా అడిగేది ఆ కాగితాన్నే.