కంప్యూటరు గీసిన తోట

కొత్తగా ఇల్లు కట్టుకున్నారా? వాకిట్లో మిగిలిన కాస్త జాగాలో మొక్కలు వేసుకోవాలని ముచ్చటపడుతున్నారా? అయితే ఈ నాలుగు మాటలూ చదివాకే నర్సరీకి బయలుదేరండి.

తోటలకు నమూనాలు వేసి ఇచ్చేవారిని ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులంటారు. స్థలం కొలుచుకుని, బొమ్మ గీసి తేవడానికి వీరికి రోజులు పట్టేది. 2022లో మిడ్‌జర్నీ వంటి బొమ్మలు గీసే కృత్రిమ మేధ అందరికీ అందుబాటులోకి వచ్చాక, ఆ పని నిమిషాల్లో అయిపోతోంది. ఇప్పుడు మీ సెల్‌ఫోనులోనే వాకిలి ఫొటో పెట్టి ‘ఇక్కడ తోట వేసి చూపించు’ అంటే చాలు, కళ్ళు చెదిరే తోట ప్రత్యక్షమవుతుంది!

చిక్కల్లా అక్కడే ఉంది. అది కోట్లాది ఫొటోలు చూసి బొమ్మ వేయడం నేర్చుకుందే గాని, మీ పెరటి మట్టిని ముట్టి చూడలేదు. అందుకే తులిప్ పూలూ, లావెండర్ పొదలూ గీసి పెట్టేస్తుంది. తులిప్ దుంపకు కొన్ని వారాల గట్టి చలి తగిలితే గాని పువ్వు రాదు. శ్రీనగర్‌లో పూసిందని బెజవాడ ఎండల్లో పూస్తుందా? లావెండర్‌కి నీరు నిలిస్తే వేరు కుళ్ళిపోతుంది. బొమ్మ చూసి కొంటే డబ్బు దండగే కదా!

అంతకన్నా ముఖ్యం పిల్లల సంగతి. విరగబూసిన గన్నేరు బొమ్మలో ఎంతో అందంగా ఉంటుంది. కానీ దాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. పచ్చగన్నేరు గింజ తింటే ప్రాణానికే ముప్పు. ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే పసివాళ్ళున్న ఇంట్లో ఇవి వద్దే వద్దు.

అలాగని కంప్యూటరు సాయం తీసుకోవద్దనడం లేదు. అడిగే పద్ధతిలో అడగండి:

* మీ ఊరు, ఎండ పడే వేళలు, నీటి వసతి, ఇంట్లో పిల్లలున్నారా అన్నది ముందే చెప్పండి.

* ప్రతి మొక్క పేరూ, విషం సంగతీ అడిగి రాసుకోండి. ఆ చీటీ నర్సరీవారికి చూపించి, అది నిజమో కాదో తేల్చుకోండి.

* ఐదేళ్ళకు చెట్టు ఎంత పెరుగుతుందో కనుక్కోండి. రావి, మర్రి వేళ్ళు గోడల్ని చీలుస్తాయి.

* వాన కురిసినప్పుడు నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో మీరే గుర్తు పెట్టుకోండి.

మల్లె, మందారం, నందివర్ధనం మన నేలకు అలవాటైన మొక్కలు. మొదట వాటితోనే మొదలుపెట్టండి. బొమ్మ నిమిషంలో వస్తుంది. తోటకి మాత్రం రోజూ మీరు పోసే చెంబెడు నీళ్ళే ఆధారం!