టైటానియం ఇంప్లాంటు తడిసే గుణంపై ఉపరితలశుద్ధి ప్రభావం

టైటానియం ఇంప్లాంటుపై రక్తం పరుచుకోవడమన్నది లోహంకంటె దానిపైనున్న కొద్ది నానోమీటర్ల ఆక్సైడు పొర స్థితిపైనే అధికంగా ఆధారపడుతుంది. గరుకు రేణువులతో తాడనం, ఆమ్లశుద్ధి ఉపరితలాన్ని గరుకుపరుస్తాయి. అయితే గరుకుదనం తనంతట తడిని పెంచదు. వెంజెల్ 1936లో చూపినట్లు, స్పర్శకోణం 90 డిగ్రీలకు లోబడితే తడిసే గుణాన్ని, మించితే తడవని గుణాన్ని ఇనుమడింపజేస్తుంది. అందుకే ఆమ్లం నుండి తీసి కడిగిన బిళ్ళపై వెంటనే పరుచుకునే నీటిబొట్టు, గాలిలోని హైడ్రోకార్బన్లు చేరిన తరువాత అదే బిళ్ళపై గుండ్రంగా నిలుస్తుంది.

నాచారం పారిశ్రామికవాడలో శుద్ధిచేసిన నమూనాను వాహనాల పొగలో మూతలేకుండా ఉప్పల్‌కు తెచ్చి, మరికొన్నాళ్ళకు కొలిస్తే, ఆ కోణంలో శుద్ధితోపాటు దారీ, గడిచిన రోజులూ కలిసే ఉంటాయి. నిల్వకాలం పేర్కొనని స్పర్శకోణాలను పోల్చడం నిరర్థకం. శుద్ధి తరువాత ఉప్పునీటిలో మూసి ఉంచితే ఈ కాలుష్యం చాలావరకు తప్పుతుంది. అతినీలలోహిత కాంతి కోల్పోయిన గుణాన్ని తిరిగి తెస్తుంది.