అప్పు తీరకముందే బ్యాటరీ ఆగిపోతే...

లిలువా బ్రాంచికి బదిలీపై వచ్చిన కొత్తలో ఒక టోటో డ్రైవర్ నా ముందు కూర్చున్నాడు. ఇక్కడ ఈ-రిక్షాను టోటో అంటారు. "మేనేజర్‌బాబూ, కిస్తీలు ఇంకా ఏడాదిన్నర ఉన్నాయి. బ్యాటరీలు మాత్రం చచ్చిపోయాయి" అన్నాడు. లెడ్-యాసిడ్ బ్యాటరీల సెట్టు మార్చాలంటే ఆరేడు కిస్తీల డబ్బు కావాలి. అప్పు గడువు కంటే ఆస్తి ఆయుష్షు ఎక్కువ ఉండాలని మేనేజ్‌మెంట్ కోర్సులో చదివిన నాకు ఆ మాట గుచ్చుకుంది. అప్పటి నుంచి బ్యాటరీల గురించి చదవడం మొదలుపెట్టాను.

అందులో నన్ను ఆకట్టుకున్నది అల్యూమినియం. మన వంటింటి గిన్నెల లోహమే. దీని ముడిసరుకైన అల్యూమినా ఒడిశాలోని దామన్‌జోడిలో తయారై మన విశాఖ రేవు నుంచి ఎగుమతి అవుతుంది. లిథియం అణువు ఒక ఎలక్ట్రాన్ ఇస్తే, అల్యూమినియం మూడు ఇస్తుంది. చవక, నిప్పు భయమూ తక్కువ.

మరి ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు? గిన్నెను తుప్పు నుంచి కాపాడే పైపొరే బ్యాటరీలో అడ్డు. 2015లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు దారి చూపారు. ఒకవైపు అల్యూమినియం, మరోవైపు నురుగులాంటి గ్రాఫైట్, మధ్యలో అల్యూమినియం క్లోరైడ్ కలిసిన ద్రవ లవణం. ఛార్జింగ్‌లో క్లోరిన్‌తో కూడిన అయాన్లు గ్రాఫైట్ పొరల మధ్యకు చేరతాయి, లోహం రేకుపై పేరుకుంటుంది. వాడేటప్పుడు ఇదంతా తిరగబడుతుంది. ఆ బ్యాటరీ 7,500 సార్లు ఛార్జింగ్‌ను తట్టుకుంది. ఆ లవణం ఖరీదు. అందుకే 2017లో అదే బృందం యూరియా వాడి చూసింది. పంట రుణాలిచ్చే మనకు తెలిసిన యూరియానే!

అయితే ఆ ద్రవం తేమ తగిలితే పాడవుతుంది, లోహాలను తినేస్తుంది. 2015 నాటి బ్యాటరీ కిలోకు దాచిన శక్తి సుమారు 40 వాట్-అవర్లు. అంటే లెడ్-యాసిడ్ స్థాయే, లిథియం కంటే చాలా తక్కువ. మెరుగైన గ్రాఫైట్, తుప్పు పట్టని కవచం, చవక ద్రవం కోసమే నేటి పరిశోధనంతా. అల్యూమినియం-ఎయిర్ బ్యాటరీ వేరు. దానిలో ఛార్జింగ్ ఉండదు, పలక మార్చాలి.

కాబట్టి అది టోటోలోకి వచ్చేదాకా మన జాగ్రత్త మనదే. ఇప్పుడు టోటో రుణం కోసం ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న ఒకటే: "బ్యాటరీ వారంటీ ఎన్ని నెలలు?" రెండోది: "కొత్త సెట్టు కోసం నెలనెలా ఎంత దాచగలవు?" మీ ఇంట్లో ఈ-స్కూటర్ కొనేటప్పుడు మీరూ ఈ రెండూ అడగండి.